ఓదార్పు ఒక్కటే కాదు
సంక్షోభంలో ఉన్న వ్యక్తిని ఓదార్చి, మానసిక వైద్యుడి దగ్గరకు పంపడంతో సామాజిక కార్యకర్త బాధ్యత తీరిపోతుందని ఒక వ్యాసంలో వ్యాసకర్త వెలిబుచ్చిన అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. ఓదార్పు అవసరమే, కానీ అంతకన్నా ముందు ఆ వ్యక్తి ప్రాణానికి తక్షణ ముప్పు ఉందా, ఇంట్లో కొట్టేవాళ్లు ఉన్నారా, ఈ రాత్రికి తలదాచుకునే చోటు ఉందా అన్నది తేల్చుకోవాలి. ఆత్మహత్య ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగితే లేని ఆలోచనను పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా అడగడం వల్ల ముప్పు పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి, పైగా లోలోపల కుమిలిపోతున్న మనిషికి నోరు విప్పే వీలు దొరుకుతుంది. ఆ తర్వాత ఇంట్లోని మాత్రలు, పురుగుమందులు ఎవరి దగ్గర ఉంచాలి, అర్ధరాత్రి మనసు చెదిరితే మొదట ఎవరికి ఫోన్ చేయాలి అన్న వివరాలను ఆ వ్యక్తితోనే కూర్చుని కాగితం మీద రాయించాలి. 1942 నాటి బోస్టన్ అగ్నిప్రమాద బాధితులను, ఆప్తులను పోగొట్టుకున్నవారిని పరిశీలించి మానసిక వైద్యుడు ఎరిక్ లిండెమన్ 1944లో రాసిన వ్యాసం, సంక్షోభంలో ఉన్నవారికి తక్షణ సాయం అందించే ఈ రంగానికి పునాదుల్లో ఒకటి. తీవ్ర సంక్షోభ దశ సాధారణంగా 4 నుంచి 6 వారాలు ఉంటుందని ఈ రంగంలోని వారు భావిస్తారు. ఆసుపత్రిలో పనిచేసిన కాలంలో నేను చూసినంతవరకు, మనుషులు చేజారిపోయేది ఆ వారాల్లోనే, ఎందుకంటే చీటీ పట్టుకుని వెళ్లిన వ్యక్తి వైద్యుడిని కలిశాడో లేదో కనుక్కునే నాథుడు ఉండడు. ఆ తప్పును వ్యాసకర్త కార్యకర్తల మీదకే నెట్టారు గానీ, ఒక్కొక్కరి నెత్తిన మోయలేనన్ని కేసులు పెట్టిన యంత్రాంగం ఊసే ఎత్తలేదు.