సేటుకు వైద్య ఖర్చు తగ్గేదెట్లా?

వరంగల్ చుట్టుపక్కల పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లుల సేట్లకు ఈ సీజన్‌లో అసలు బెంగ పత్తిలో తేమ కాదు, కూలీల దవాఖాన ఖర్చు. మిషన్‌లో చెయ్యి పెట్టడం కొందరికి దురలవాటైపోయింది.

ఈ కష్టాలకు మూలం 2009. 1923లో తెల్లదొరలు తెచ్చిన పరిహార చట్టం పోయిన చేతికి రేటు కట్టింది గాని, దానికి కట్టు కట్టిన డాక్టరు ఫీజు ఊసెత్తలేదు. 86 ఏళ్లు హాయిగా గడిచాయి. ఆ తర్వాత సవరణ చేసి, చికిత్సకు అయిన ఖర్చంతా యజమానే ఇవ్వాలన్నారు. ఇంతకు మించొద్దని ఒక హద్దయినా పెట్టలేదు, పాపం.

ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఉంటే ఈ తంటా ఉండేది కాదు. కానీ జిన్నింగ్ మిల్లు సీజనల్ ఫ్యాక్టరీ, ఈఎస్ఐ వర్తించదు. సీజన్ అయిపోయాక వేళ్లు మళ్లీ మొలుస్తాయని లెక్క కాబోలు.

అయినా మన సేట్లు చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు (ముడుచుకోవడానికి వాళ్లకు రెండూ ఉన్నాయి). "బండి మీదికెళ్లి పడ్డనని చెప్పురా, ఎంజీఎంల ఫ్రీగ సూస్తరు" అన్న ఒక్క మాటతో మిల్లు ప్రమాదం రోడ్డు ప్రమాదమవుతుంది, సేటు బిల్లు సర్కారు బిల్లవుతుంది. దవాఖాన చీటీ మీద అదే రాస్తారు. రేపు లేబర్ ఆఫీసుకు పోతే కూలివాడి మీద సాక్ష్యం చెప్పేది ఆ చీటీయే. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీని 10 లక్షలకు పెంచినప్పుడు ముందుగా స్వీట్లు పంచాల్సింది సేట్లే.

పరిహారానిదీ ఇదే దారి. మూడు రోజులకు మించి పనికి పనికిరాకుండా పోతేనే చట్టం ఇమ్మంటుంది. కాబట్టి నాలుగో రోజు పొద్దున్నే కట్టుతో సహా గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి మస్టర్‌లో హాజరు వేస్తే సరి.

కూలీలు కూడా కొంచెం సహకరించాలి. పరిహార చట్టం షెడ్యూల్ ప్రకారం బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం నష్టం, చూపుడువేలికి 14, చిటికెనవేలికి 7. ఇంత స్పష్టంగా ధరల పట్టీ ఉన్నా బొటనవేలే ముందుకు చాపితే ఏమనాలి?

మిషన్‌కు గార్డు బిగించాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉంది కదా అని ఒక మిల్లులో కొత్త సూపర్‌వైజరు అడిగాడట. "గార్డుంటే పత్తి ఇరికినప్పుడల్ల మిషన్ బంద్ చెయ్యాలె, లోడు ఎప్పుడు దిగాలె?" అన్నాడట సేటు. ఆ సూపర్‌వైజరును వచ్చే సీజన్‌కు రావద్దన్నారు.