బుడమేరుకు నోటీసు ఇవ్వాల్సిందే

2024 సెప్టెంబరు 1న విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో జరిగినదాన్ని అందరూ వరద అన్నారు. నేను మాత్రం దాన్ని ఆక్రమణే అంటాను. పట్టా లేదు, ప్లాను లేదు, ఇంటిపన్ను కట్టిన పాపాన పోలేదు. బుడమేరు వాగు చెప్పాపెట్టకుండా వచ్చి జనం ఇళ్లలో తిష్ఠ వేసింది. ఫ్రిజ్‌లు వెల్లకిలా తేలాయి. స్కూటీల సైలెన్సర్ల నిండా బురద. పోతూ పోతూ గోడల మీద ఛాతీ ఎత్తున గీత గీసి మరీ పోయింది, హద్దులు కొలుచుకున్నట్టు.

కొల్లేరుకు పోయే తన పాత దారి ఇదేనట. ఉండొచ్చు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, కృష్ణలోకి మళ్లింపు కాలువ తవ్వి, మర్యాదగా వేరే దారి చూపించాం కదా! ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణే 11.43 లక్షల క్యూసెక్కులతో పొంగుతూ ఉందట, కాలువ కట్టకు గండ్లు పడ్డాయట. అన్నీ కుంటిసాకులు.

నేల నీళ్లు పీల్చడం లేదని ఇంకో నింద. ఎలా పీలుస్తుంది? అంత శ్రద్ధగా మూశాం. మా అపార్ట్‌మెంటులో వేపచెట్టు కార్ల మీద ఆకులు రాలుస్తోందని కొట్టించి, ఆ చోట సిమెంటు పోసి టైల్స్ వేయించాం. ఇంకుడు గుంత ప్లాను కాగితంలో ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నేల మీద ఆ చోట జనరేటరు ఉంది. వానాకాలం సెల్లార్లోంచి నీళ్లు బయటికి తోడిస్తాం, ఎండాకాలం ట్యాంకరుతో లోపలికి తెప్పిస్తాం. నీటి చక్రం ఆగిపోయిందని ఎవరన్నారండీ? మోటారు పెట్టి మరీ తిప్పుతున్నాం.

కర్బనం సంగతీ అంతే. పాతిక కోట్ల ఏళ్లకు పైగా భూమిలో సోమరిగా పడున్న బొగ్గుకు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో ఉపాధి చూపించాం. మా టైల్స్ కింది సిమెంటు కోసం సున్నపురాయిని కాలిస్తే, దాంట్లో బందీగా ఉన్న కార్బన్ డయాక్సైడుకూ విడుదల దొరికింది. పరిశ్రమలు రాకముందు గాలిలో అది పది లక్షల పాళ్లకు 280 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. అంత దుప్పటి కప్పాక గాలి వేడెక్కదూ? ఒక్క డిగ్రీ పెరిగితే చాలు, 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. మోసింది ఎక్కడో ఒకచోట కుమ్మరించాలి కదా. కుమ్మరిస్తోంది.

కాబట్టి బుడమేరుకు నోటీసు ఇవ్వాలి. పోనీ, మనలాగే అపరాధ రుసుం కట్టి క్రమబద్ధీకరించుకోమందాం. చిక్కల్లా చిరునామాతోనే. రికార్డులో వాగు పోరంబోకు అని ఉన్న చోటికి వెళ్లి చూస్తే మూడంతస్తుల మేడ, గేటుకి ‘కుక్కలున్నవి జాగ్రత్త’ బోర్డు. ఇంటాయన నోటీసు తీసుకోనంటున్నాడు.