గేదె పెండింగ్‌లో ఉంది

నిద్రలో నడిచేవాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. నేను నిద్రలో మీటింగ్ మినిట్స్ రాస్తాను. గొప్పకి చెప్పుకోవడం కాదు గానీ, అలా రాసిన మినిట్స్ మా ఆఫీసులో మూడు వారాలు చెల్లాయి, ఒక్కరంటే ఒక్కరు అభ్యంతరం చెప్పలేదు, పైగా ఇద్దరు "థాంక్స్, చాలా క్లియర్‌గా ఉంది" అని జవాబు కూడా పెట్టారు.

ముందు జబ్బు సంగతి. దీని పేరు నార్కోలెప్సీ. ఆ మాట అనగానే ఎదుటివాళ్ళు "ఓ, నాకూ ఉంది, తిన్నాక ఒకటే నిద్రొస్తుంది" అంటారు. బాబూ, నీకు నిద్ర వస్తుంది. నన్ను నిద్ర వచ్చి పట్టుకుపోతుంది. మాట్లాడుతున్న వాక్యంలో కర్త దగ్గర ఉంటాను, కర్మ దాకా ఎలాగో లాక్కొస్తాను, క్రియ దగ్గరికి వచ్చేసరికి మనిషిని ఉండను. అవతలివాళ్ళు పాపం, ఏం చేశానో తెలియక అలాగే చూస్తూ ఉంటారు. నిద్ర సుఖమెరుగదన్న పెద్దలకి నాదొక చిన్న సవరణ, అది సమయం కూడా ఎరుగదు, సందర్భం అసలే ఎరుగదు.

పోలికలకి కొదవ లేదు. కుంభకర్ణుడంటారు. ఆయనకి ఆరు నెలలు నిద్ర, ఒకరోజు మెలకువ, పక్కాగా టైమ్‌టేబుల్ ఉంది, నాకు అదీ లేదు. ఊర్మిళ అంటారు. ఆవిడ లక్ష్మణుడి వాటా నిద్ర కూడా కలిపి పద్నాలుగేళ్ళు పడుకుంది, ఆ మాత్రం లెక్క ఉంది. నేను ఎవరి వాటా పడుకుంటున్నానో తెలిస్తే బాగుండు, ఆ మనిషి ఎక్కడో హాయిగా మేలుకుని నా ప్రమోషన్లు కూడా కొట్టేస్తున్నట్టున్నాడు.

నిజానికి ఇరవై నాలుగు గంటల లెక్క తీస్తే నేను పడుకునేదీ మీరు పడుకునేదీ దాదాపు ఒకటే. మీ దగ్గర నోటు ఉంటుంది, నా దగ్గర అంతే సొమ్ము చిల్లరగా ఉంటుంది, అంతే తేడా. రాత్రి నాలుగైదుసార్లు మెలకువ వస్తుంది, గోడ గడియారం వంక చూస్తూ పడుకుంటాను, తెల్లారాక మిగిలిన చిల్లర బస్సులో కొంత, బాత్రూమ్‌లో కొంత, సెలూన్ కుర్చీలో కొంత ఖర్చవుతుంది. సగం గుండుతో బయటికొచ్చిన రోజు గురించి ఇంకోసారి.

ఈ పేరు నా జబ్బుకి తగిలేసరికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఈలోగా ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టారు. మా అమ్మ "రాత్రంతా ఆ ఫోన్ చూస్తావు, పగలు తూలుతావు" అంది. స్నేహితులు ప్రేమ అన్నారు. ఒక డాక్టర్ గారు రక్తం తక్కువన్నారు, ఇంకో ఆయన టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఆ మాట వినేలోపు నేను నిద్రపోయాను, అంతకంటే టెన్షన్ లేని మనిషిని ఆయన జీవితంలో చూసి ఉండరు. చివరికి ఒక నిద్ర డాక్టర్ గారు ఎప్‌వర్త్ స్కేల్ అని ఒక కాగితం ఇచ్చారు. ఎనిమిది ప్రశ్నలు, చదువుతూ నిద్రపోయే అవకాశం ఎంత, టీవీ చూస్తూ ఎంత, ఎవరితోనైనా కూర్చుని మాట్లాడుతూ ఎంత, ఇలా. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. పది దాటితే ఆలోచించాలి. నాకు ఇరవై నాలుగుకి ఇరవై ఒకటి వచ్చాయి. ఎనిమిదో ప్రశ్న దగ్గర పెన్ను గీత ఒకటి కాగితం దాటి టేబుల్ మీదికి వెళ్ళింది చూసి, "చాల్లెండి, అర్థమైంది" అన్నారాయన.

తర్వాత ల్యాబ్. రాత్రంతా తలకీ గడ్డానికీ కాళ్ళకీ తీగలు అంటించి పడుకోబెట్టారు, మర్నాడు పగలు రెండేసి గంటలకొకసారి లైటు ఆర్పి "పడుకోండి" అన్నారు. అలా ఐదుసార్లు. నా జీవితంలో పగలు పడుకోమని నన్నెవరూ అడగడం అదే మొదలు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి జారేలోపే నిద్రపోయాను. సగటున ఎనిమిది నిమిషాల్లోపు నిద్రపట్టేస్తే అనుమానించాలట, నాకు మూడు నిమిషాలు చాలింది. పైగా అందరికీ నిద్రపట్టిన గంటా గంటన్నరకి గానీ రాని కలల నిద్ర నాకు పదిహేను నిమిషాల్లోపే వచ్చేస్తోందని తేలింది. అంటే నాకు ట్రైలర్లు లేవు, సీటులో కూర్చోగానే సినిమా. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, గేదె ఇక్కడి నుంచే వచ్చింది.

కారణం కూడా చెప్పారు. మెదడులో హైపోథాలమస్ అని ఒక చోటు, అక్కడ కొన్ని కణాలు ఒరెక్సిన్ అనే రసాయనం తయారుచేస్తాయి. మెలకువకీ నిద్రకీ మధ్య తలుపు దగ్గర అది వాచ్‌మన్ లాంటిది. 1998లో రెండు బృందాలు దాన్ని విడివిడిగా కనిపెట్టాయి, ఒకరు ఒరెక్సిన్ అన్నారు, ఇంకొకరు హైపోక్రెటిన్ అన్నారు. నా రకం జబ్బులో ఆ కణాలే పోతాయి. పేర్లు రెండున్నాయి, సరుకు లేదు. వాచ్‌మన్ లేని తలుపు గాలికి కొట్టుకున్నట్టు నా మెలకువ పొద్దస్తమానం కొట్టుకుంటూ ఉంటుంది.

ఇక అసలు సంగతి. మా ఆఫీసులో సోమవారం మధ్యాహ్నం మీటింగ్, మినిట్స్ రాసేది నేను. ఈ జబ్బులో ఒక విచిత్రం ఉంది, మనిషి నిద్రలోకి జారుకున్నా చేతులు అంతకుముందు చేస్తున్న పని చేస్తూనే ఉంటాయి. మా ఇంట్లో టీవీ రిమోట్ ఫ్రిజ్‌లో దొరుకుతుంది. మా ఆవిడ ఇప్పుడు రిమోట్ కనిపించకపోతే నన్ను అడగదు, నేరుగా ఫ్రిజ్ తెరుస్తుంది. అదే విద్య ఆరోజు మీటింగ్‌లో పనిచేసింది. చెవికి మీటింగ్ వినిపిస్తోంది, కంటికి కల కనిపిస్తోంది, వేళ్ళు రెండింటినీ కలిపి టైపు చేస్తున్నాయి.

మొదటి మూడు పాయింట్లూ బుద్ధిగా ఉన్నాయి, అమ్మకాలు, సెలవులు, కొత్త ప్రింటర్. నాలుగోది: "కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళేముందు అందరూ కాళ్ళు కడుక్కోవాలి." ఐదోది: "గేదె పెండింగ్‌లో ఉంది. శుక్రవారంలోగా తోలుకురావాలి. బాధ్యత నాది." ఆరోది: "బడ్జెట్ తడిసింది, ఎండలో వేయండి." ఏడోదాంట్లో మాటల్లేవు, రెండున్నర లైన్ల నిండా ఒకటే "న". అది నేను రాసింది కాదు, నా బుగ్గ రాసింది. మెలకువ వచ్చేసరికి చెంప మీద నాలుగు కీల అచ్చు చదరాలు చదరాలుగా పడి ఉంది, మెయిల్ వెళ్ళిపోయి ఉంది, అదీ పాతికమందికి.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. రెండు థాంక్స్‌లు వచ్చాయని చెప్పాను కదా. సాయంత్రం అకౌంట్స్ నుంచి ఒకాయన విడిగా రాశారు: "గేదెకి మా వైపు నుంచి ఏమైనా కావాలంటే చెప్పండి." అప్పుడు అర్థమైంది, ఆ ఆఫీసులో నిద్రపోతున్నది నేనొక్కణ్ణే కాదు.

మరుసటి సోమవారం మేడమ్ తెర మీద షీట్ పెట్టి ఒక్కోటీ చదువుతున్నారు. "ప్రింటర్, అయిపోయింది. గేదె..." ఒక్క క్షణం ఆగారు. నా గుండె కూడా ఆగింది. "గేదె ఎవరిది?"

"నాదే మేడమ్."

"శుక్రవారం అన్నారు?"

"కొంచెం ఆలస్యం అవుతోంది మేడమ్."

"మరీ లాగకండి" అని దాన్ని పసుపు రంగులోకి మార్చి కిందికి వెళ్ళిపోయారు. పైవారం ఎర్ర రంగులోకి వచ్చింది. కొత్తగా చేరిన కుర్రాడు ఇది ఏదో ప్రాజెక్టుకి పెట్టిన ముద్దుపేరనుకుని, అడిగితే తెలివితక్కువవాణ్ణనుకుంటారని భయపడి, నన్ను చూసినప్పుడల్లా "గేదె ఎలా ఉందన్నా?" అని పలకరించడం మొదలుపెట్టాడు. "పర్లేదు తమ్ముడూ" అనేవాణ్ణి.

నిజం చెప్పేయొచ్చు కదా అంటారు. చెప్పాలంటే జబ్బు గురించి చెప్పాలి. పాత ఉద్యోగంలో ఒకసారి చెప్పి చూశాను, "నిద్ర అందరికీ వస్తుందయ్యా, మేం ఆపుకోవడం లేదా?" అన్నారు. రాత్రి ఎనిమిది గంటలు మంచం మీద ఉండి, పొద్దున్నే మాత్ర వేసుకుని, ఒంట్లో ఇసుక నింపినట్టున్న కాళ్ళని ఈడ్చుకుంటూ వచ్చినవాడికి ఆ మాట ఎక్కడ తగులుతుందో వాళ్ళకి తెలియదు. అందుకే జబ్బు కంటే గేదెని మొయ్యడమే తేలికనిపించింది.

మూడో సోమవారం పెద్ద సార్ వచ్చి కూర్చున్నారు. షీట్ చూశారు. ఎర్రగా మెరుస్తున్న గడి మీద వేలు పెట్టి, "ఈ గేదె ఏంటి?" అన్నారు. గది నిశ్శబ్దం. పాతికమంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఆ ప్రశ్న మూడు వారాలుగా అందరి కడుపులోనూ ఉందని అప్పుడే బయటపడింది. మేడమ్ గొంతు సవరించుకుని, ఎంతో గంభీరంగా, "సార్, అది లాంగ్ టర్మ్ సార్" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. నాకు నవ్వు రాకూడదు.

నా రకం జబ్బులో రెండో భాగం ఇది, కాటాప్లెక్సీ అంటారు. కలలు వచ్చేటప్పుడు మనం లేచి పరిగెత్తకుండా ఒళ్ళు కండరాలని వదిలేస్తుంది కదా, ఆ వదిలేయడం నాకు మెలకువలో, గట్టిగా నవ్వితే వస్తుంది. 1880లో ఈ జబ్బుకి పేరు పెట్టిన ఫ్రెంచి డాక్టర్ జెలినో ఒక పీపాల వ్యాపారి గురించి రాశాడు. నవ్వినా, మంచి బేరం తగిలేలా ఉన్నా ఆయనకి కాళ్ళు సడలిపోయేవట, పేకాటలో మంచి ముక్కలు పడితే చేతులు కదిలేవి కావట. ఎవరైనా ఆయనతో పేకాట ఎలా ఆడేవారో, చేతులు ఆగిపోగానే అందరూ ముక్కలు పడేసి లేచిపోరూ!

ముందు దవడ జారింది, తర్వాత మెడ, తర్వాత నుదురు టేబుల్‌కి తగిలింది. ఒళ్ళంతా మైనం. కానీ నేను పూర్తి మెలకువగా ఉన్నాను, ఆ గదిలో అంత మెలకువగా ఇంకెవరూ ఉండి ఉండరు. ప్రతి మాటా వినిపిస్తోంది.

"పడుకున్నాడా?" అన్నది పెద్ద సార్ గొంతు.

"లేపండి" అన్నారెవరో.

"వద్దులెండి సార్" ఇది అకౌంట్స్ ఆయన, గొంతులో జాలి. "రాత్రీ పగలూ ఆ గేదె మీదే ఉన్నట్టున్నాడు."

నవ్వు తగ్గితే కాటాప్లెక్సీ తగ్గుతుంది. ఈ మాట విన్నాక నవ్వు ఎలా తగ్గుతుంది? కాస్త తల ఎత్తబోయాను, సరిగ్గా అప్పుడే పెద్ద సార్ "ఒక్కడి మీద ఇంత పని పెడితే ఎలా, ఇంకో ఇద్దర్ని ఇవ్వండి" అన్నారు. మళ్ళీ నుదురు ఠప్‌మని టేబుల్ మీద.

రెండు నిమిషాల తర్వాత లేచి, సాయంత్రం మేడమ్ గదికి వెళ్ళి అంతా చెప్పేశాను, ల్యాబ్, తీగలు, రసాయనం, రిమోట్‌తో సహా. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివర్లో మాత్రం మెల్లగా, "అంటే గేదె లేదా?" అన్నారు.

"లేదు మేడమ్."

"పెద్ద సార్‌కి లాంగ్ టర్మ్ అని చెప్పేశానే..."

కాసేపు ఇద్దరం షీట్ వంక చూస్తూ కూర్చున్నాం. తర్వాత ఆవిడ, మీకు ఏం చేస్తే పని జరుగుతుందని అడిగారు. మధ్యాహ్నం ఒక ఇరవై నిమిషాలు టైము పెట్టుకుని పడుకుంటే ఆ తర్వాత రెండు మూడు గంటలు మనిషిలా ఉండగలను, డాక్టర్ గారు కూడా అదే రాసిచ్చారని చెప్పాను. సరేనన్నారు. క్యాలెండర్‌లో ఆ ఇరవై నిమిషాలకి ఏదో ఒక పేరు పెట్టాలి కదా.

ఇప్పుడు రోజూ రెండు గంటలకి స్టోర్ రూమ్ పక్క గదిలో గేదె రివ్యూ ఉంటుంది. షీట్‌లో అది ఆకుపచ్చ రంగులోకి కూడా వచ్చింది. నిన్న ఆ కొత్త కుర్రాడు రెండు గంటలకి తలుపు దగ్గర నిలబడి, "అన్నా, నేను కూడా రివ్యూకి రావచ్చా, కొంచెం నేర్చుకుంటాను" అన్నాడు.

"లోపల కుర్చీ ఒకటే ఉంది తమ్ముడూ" అని తలుపేసుకున్నాను.