డెంగీ అంటే ప్లేట్‌లెట్ల లెక్క ఒక్కటేనా?

విజయవాడ సింగ్‌నగర్‌లో మా సందులో వాన నీళ్ళు నిలిస్తే చాలు, దోమలే దోమలు. సీనియర్ ఇంటర్ బైపీసీ చదివే మా పాప ఈసారి డెంగీతో మంచం పట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి?" అనే అడిగారు. పై పోర్షన్ పిన్నిగారు బొప్పాయి ఆకు రసం తెచ్చారు. పాప మాత్రం "నాన్నా, ఆ వైరస్ లోపలికెళ్ళి ఏం చేస్తుంది?" అంది.

కాలేజీ వాళ్ళిచ్చిన మెటీరియల్ తిరగేశాను. దాని ప్రశ్నకు జవాబులో కొంత స్ప్లైసింగ్‌లో ఉంది, అంటే జన్యువు తాలూకు ఆర్ఎన్ఏ నకలుని కత్తిరించి అతికించే పనిలో. దాని మీద ఉన్నది ఒకే ఒక్క బిట్టు. ఇంట్రాన్లు (అక్కర్లేని ముక్కలు) పోతాయి, ఎక్సాన్లు (ఉంచుకునే ముక్కలు) కలుస్తాయి, అంతే. కడుపు మండిపోయింది.

పాప నోట్సు వెనక పేజీలో ఇలా రాశాను: "అమ్మ మేకు గుంటూరు గొడుగు వెళ్ళింది." మేకు, గొడుగు కొట్టేయమన్నాను. కొట్టేసి చదివి నవ్వింది. మన జన్యువుల్లో చాలావరకు ఇలాగే ఉంటాయమ్మా అన్నాను. ఆర్ఎన్ఏ నకలులో అక్కర్లేని ముక్కల్ని కణంలోని స్ప్లైసియోజోమ్ అనే యంత్రం కత్తిరించి, మిగతావి అతికిస్తుంది. ముక్కల ఎంపిక మారితే అదే జన్యువు నుంచి వేరే ప్రోటీన్ వస్తుంది. దాదాపు 20,000 జన్యువులతోనే ఇంత ఒళ్ళు నడవడానికి ఇదో పెద్ద కారణం. అదే మేకు వాక్యంలో ఉండిపోతే?

డెంగీ వైరస్ పెట్టే తంటా సరిగ్గా అక్కడే. అది పెరిగేది కేంద్రకం బయట, సైటోప్లాజంలో. కానీ దాని నకళ్ళు తీసే ఎన్ఎస్5 అనే ప్రోటీన్ కేంద్రకంలోకీ దూరుతుంది. అక్కడ స్ప్లైసియోజోమ్‌లోని యూ5 అనే భాగాన్ని పట్టుకుని, కత్తిరింపు సరిగ్గా సాగనివ్వదు. ల్యాబ్‌లో పెంచిన మనిషి కణాల్లో 2016లోనే ఇది చూశారు. వైరస్‌ని ఎదిరించే జన్యువుల సందేశాలూ అందులో మారిపోయాయి. ప్లేట్‌లెట్లు పడిపోవడానికి ఇదే కారణమని నేననడం లేదు, అది వేరే కథ.

కరోనాదీ ఇదే దారి. దాని ఎన్ఎస్‌పీ16 ప్రోటీన్ యూ1, యూ2 ఆర్ఎన్ఏలకు అతుక్కుంటుంది. ఎక్కడ కత్తిరించాలో గుర్తుపట్టేవే అవి. దాంతో వైరస్ వచ్చిందని కణం పంపే ఇంటర్‌ఫెరాన్ హెచ్చరిక బలహీనపడుతుంది. పోలీసులకు ఫోన్ వెళ్ళకుండా ముందే వైరు కోసేసినట్టు!

అసలు స్ప్లైసింగ్ అనేది ఒకటుందని 1977లో మనకు తెలిసిందే అడినోవైరస్ పుణ్యాన. దాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్తలు షార్ప్, రాబర్ట్స్‌లకు 1993లో నోబెల్ వచ్చింది దానికే. ఇంత కథని ఒక్క బిట్టు చేసి పడేస్తే పిల్లలకు బయాలజీ మీద ఇష్టం ఎలా పుడుతుంది?

లెక్చరర్లూ, దండం పెట్టి అడుగుతున్నాను. డెంగీ పడి లేచిన పిల్లలు మీ క్లాసులో తప్పకుండా ఉంటారు. ఆ పాఠం వాళ్ళ జ్వరంతో మొదలుపెట్టండి. ఒక్క పీరియడ్ చాలు.