ఆరిన పొయ్యి, నాలుగు స్పూన్ల నెయ్యి

గుంటూరు బ్రాడీపేటలో ఓ బాబాయిగారున్నారు. వయసు 50, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 80 కిలోలు. పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియంలో ముప్పావుగంట నడిచి, తడిసి ముద్దయిన చొక్కాతో వాలుకుర్చీలో కూలబడి, చేతి గడియారం పిన్నిగారి ముందు పెడతారు. 210 క్యాలరీలు!

అక్కడిదాకా బాగానే ఉంది. ఎవరో ఆయన చెవిన ‘ఆఫ్టర్ బర్న్’ అనే మాట వేశారు. చిక్కంతా అక్కడే.

“కాస్త కరివేపాకు పట్రండి.”

“ఇప్పుడు కదపకే. పొయ్యి ఆపినా పెనం కాలుతూనే ఉంటుందా లేదా? కూర్చున్నచోటే ఇంకో 190 కరుగుతాయి. మొత్తం 400. నువ్వా నెయ్యి ఇటు తే.”

కారప్పొడి ఇడ్లీ మీద నాలుగు స్పూన్లు పడింది. స్పూనుకు 5 గ్రాములు, గ్రాముకు 9 క్యాలరీలు. నెయ్యే 180. మిగతా 220కి రెండో ప్లేటు ఇడ్లీ, పంచదార దట్టించిన కాఫీ.

పెనం పోలిక తప్పేం కాదు. నడక ఆపాక గుండె, ఊపిరి నెమ్మదించాలి, కండరాల్లో ఖర్చయిన నిల్వలు నిండాలి, ఒంటి వేడి దిగాలి. దీనికి ప్రాణవాయువు అదనంగా కావాలి, లీటరుకు 5 క్యాలరీల లెక్కన. కానీ పెనం కాలినంతే కదా వేడి! పరుగులు తీసినా బరువులెత్తినా కొంచెం ఎక్కువసేపు ఉంటుందేమో గానీ, కబుర్లాడుతూ నడిచిన నడకకు 15 దక్కితే గొప్ప. ముప్పావు స్పూను పంచదార.

పైగా ఆ 210లో 60 దాకా ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే. బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి కలిపి, వయసుకు ఐదు రెట్లు తీసేసి, మగవాళ్లకు 5 కలిపితే (ఆడవాళ్లకైతే 161 తీసేస్తే) కదలకుండా పడుకున్న ఒంటికి రోజు ఖర్చు తేలుతుంది. బాబాయికి సుమారు 1,618. అందులో అయిదో వంతు మెదడుదే, లెక్కలు తప్పు చేసినా దాని వాటా దానిదే. కిలో కండ రోజుకు 13 క్యాలరీలు ఖర్చుపెడుతుంది. బొజ్జలో కిలో కొవ్వు నాలుగున్నరతో సరిపెట్టుకుని, పండక్కొచ్చిన అల్లుడిలా కదలకుండా కూర్చుంటుంది.

అంటే నడక మిగిల్చింది 150, పెనం వేడి 15. మొత్తం 165. తిన్నది 400. రోజూ 235 చొప్పున నెల తిరిగేసరికి 7,050. కిలో కొవ్వుకు 7,700 అనుకుంటే, ముప్పాతిక కిలో దాటిపోయి కిలో దగ్గరకొచ్చింది.

నెలాఖరున కాటా 81కి ఒక గీత ఇవతల ఆగింది.

“ఇది పాడైందే,” అన్నారు బాబాయి.

పిన్ని ఎక్కి చూసింది. పోయిన నెల ఎంతో ఇప్పుడూ అంతే. దిగి, ఆయన చేతిలో సంచీ పెట్టింది.

“పెనం చల్లారకముందే వెళ్లి రండి. కరివేపాకుతోపాటు కొత్తిమీర కూడా.”