గాజు బీరువాలో నిండు చూలాలు

మన రాష్ట్రాల్లో అందరికన్నా భద్రంగా ఉన్న గర్భిణి ఎవరంటే, నర్సింగ్ కాలేజీ స్కిల్ ల్యాబ్‌లో కాన్పు చేయడం నేర్చుకోడానికి పెట్టిన బొమ్మ. ఆమెకు ఏసీ గది, గాజు బీరువా, ఒంటిమీద పాలిథిన్ కవరు. తాళంచెవి మేడం గారి హ్యాండ్‌బ్యాగులో. ఇన్‌స్పెక్షన్ రోజున దుమ్ము దులిపి, చుట్టూ నలుగురు అమ్మాయిలను నిలబెట్టి ఫొటో తీస్తారు. కడుపుతో ఉన్న ఏ కోడలికి దక్కింది ఇంత వైభోగం?

బొమ్మ ఉన్నది వాడటానికే కదా అని కొందరు గొణుగుతారు. పాపం, వాళ్లకు స్టాక్ రిజిస్టర్ గురించి తెలియదు. బొమ్మ చెయ్యి ఊడితే సంజాయిషీ రాయాలి. అందుకే వణికే చేతులను తిన్నగా పెద్దాసుపత్రి లేబర్ రూంకు పంపుతారు. అక్కడి ఆడవాళ్లు ఏ రిజిస్టర్లోనూ కాలేజీ ఆస్తి కారు.

1759లో ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ, దు కూద్రే అనే మంత్రసానికి ఊరూరా తిరిగి కాన్పులు నేర్పమని ఆజ్ఞాపత్రం ఇచ్చాడు. ఆవిడ గుడ్డ, తోలు, దూదితో గర్భిణి నడుము బొమ్మ కుట్టి, అందులోంచి బిడ్డను తీయించేది. వేలమంది పల్లెటూరి ఆడవాళ్లు దానిమీదే చెయ్యి తిప్పుకున్నారు. ఎంత నిర్లక్ష్యం! ఆ బొమ్మల్లో ఒకటి ఇప్పుడు రూఆన్ మ్యూజియంలో ఉంది. మనం బొమ్మను కొన్నరోజే మ్యూజియంలో పెట్టేశాం, ఆలస్యం దేనికని.

బొమ్మతో కాన్పులు నేర్పే ఇప్పటి పద్ధతి మరీ ఘోరం. టీచరమ్మ బొమ్మ పొట్టను నడుముకు కట్టుకుని, మంచమెక్కి నొప్పులు పడుతుంది. బిడ్డ బయటపడగానే ఎర్రనీళ్లు వదులుతుంది. నిమిషంలోపు అమ్మాయిలు రక్తస్రావాన్ని అదుపు చేసే ఆక్సిటోసిన్ మందు పది యూనిట్లు కండకు ఇవ్వాలి. అవతల ఏడవని బిడ్డను తుడవాలి, వీపు రుద్దాలి. అప్పటికీ ఊపిరి తీసుకోకపోతే తొలి 60 సెకన్లలోనే బ్యాగ్, మాస్క్‌తో గాలి అందించాలి. అంతా అయ్యాక ఆ 'తల్లి' లేచి కూర్చుని, "బిడ్డ ఏడవడం లేదేమిటని అడుగుతూనే ఉన్నాను, ఒక్కరైనా పలికారా?" అని నిలదీస్తుంది.

పేషెంటు ఎదురు ప్రశ్న వేసే చదువు మన ఇంటావంటా ఉందా? "ముక్కమ్మా, ముక్కు!" అని గదమాయించడం మించి మాటలెందుకు? పైగా ఆ ఎర్రనీళ్లు మరకలు పడితే దుప్పట్లు ఎవరు ఉతుకుతారు?

నర్సింగ్ కౌన్సిల్ 2021 బీఎస్సీ సిలబస్‌లో స్కిల్ ల్యాబ్‌కు గంటలు కేటాయించింది. మనవాళ్లు మాట జవదాటలేదు. సీనియర్ అక్క రికార్డు చూసి జూనియర్ చెల్లి రాత్రికి రాత్రే రాసేసింది. గంటలన్నీ నిండాయి, బొమ్మకు గీత కూడా పడలేదు.

అయ్యా, ప్రభుత్వం వారికి చిన్న మనవి. లేబర్ రూంలో మంచమెక్కే ప్రతి ఆడమనిషికీ ఆ స్టాక్ రిజిస్టర్లో ఒక నంబరు ఇప్పించండి. ఖరీదు గడిలో ఎంతో కొంత వేయించండి.