రాత్రికి రగ్గు, పగటికి చోటు

డిసెంబరు వచ్చిందంటే దక్షిణ ఒడిశాలో బరంపురం నుంచి మల్కన్‌గిరి దాకా చర్చి గుమ్మాల్లో నక్షత్రాలతో పాటు అట్టపెట్టెలూ కనిపిస్తాయి. పాత ఉన్ని బట్టలు ఇందులో వేయమని ఒడియాలో ఒక ముక్క, తెలుగులో ఒక ముక్క రాసి అంటిస్తారు. పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో, జయపురంలో కుర్రాళ్లు ఇల్లిల్లూ తిరిగి స్వెట్టర్లు, దుప్పట్లు పోగుచేస్తారు. క్రిస్మస్ ముందు రాత్రి బస్టాండుకీ రైల్వే స్టేషనుకీ వెళ్లి పంచుతారు. చర్చికి వెళ్లేవారే కాదు, కాలేజీ పిల్లలు, వర్తకులు, తెలుగు సంఘాలవారు కూడా ఇందులో చేయి వేస్తున్నారు. ఈ పనిని మేము మనసారా మెచ్చుకుంటున్నాం. అయితే ఒక మాట గట్టిగా చెప్పదలిచాం. ఈ సేకరణ ఇప్పటిదాకా ఇచ్చేవారి బీరువాను బట్టి నడిచింది. ఇకనైనా తీసుకునేవారి రాత్రిని బట్టి నడవాలి.

మన జిల్లాల్లో చలి అన్నిచోట్లా ఒక్క తీరుగా ఉండదు. కోరాపుట్ సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లు, ఆ జిల్లాలోదే. సెమిలిగుడ, పొట్టంగి వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగడం కొత్త కాదు. గజపతి జిల్లాలో మహేంద్రగిరి చుట్టుపక్కల ఊళ్లదీ అదే బాధ. బరంపురంలో అంత చలి ఉండదు గానీ, సముద్రం దగ్గర కావడంతో తెల్లవారేసరికి మంచు కురిసి కప్పుకున్న గుడ్డ తడిసిపోతుంది. మైదానాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకన్నా కిందికో పడితేనే వాతావరణ శాఖ చలిగాలుల ప్రకటన గురించి ఆలోచిస్తుంది. తీరానికి, కొండలకు వేరే లెక్కలున్నాయి. ప్రకటనలు అవసరమే. కానీ సిమెంటు ప్లాట్‌ఫాం మీద గోనెపట్టా పరుచుకుని పడుకున్న ముసలామెకు 12 డిగ్రీల రాత్రి కూడా ప్రాణాంతకమే కావచ్చు.

బయట పడుకునేవారంతా ఒకే రకం మనుషులనుకోవడం దగ్గరే పంపకాల్లో పొరపాటు మొదలవుతుంది. బజార్లో మూటలు మోసే కళాసీలు, రిక్షా లాగేవాళ్లు అక్కడే తిని అక్కడే పడుకుంటారు. కొడుకులు వదిలేసిన తల్లులుంటారు. మతిస్థిమితం తప్పి విజయనగరం-రాయ్‌పూర్ లైనులో ఏదో రైలెక్కి, రాయగడలో దిగి, తమ ఊరేదో చెప్పలేనివారుంటారు. వాళ్లలో తెలుగు తప్ప మరో మాట రానివారూ ఉంటారు, కొంధుల భాష కువి తప్ప ఏదీ అర్థంకానివారూ ఉంటారు. ఇటుక బట్టీ పనులకు వెళ్తూ రైలు కోసం పిల్లాపాపలతో రాత్రంతా స్టేషన్లో గడిపే కుటుంబాలు, మర్నాటి సంతకు ముందు రోజు సాయంత్రమే కొండ దిగివచ్చి దుకాణాల అరుగుల మీద పడుకునేవాళ్లు కూడా ఈ చలిలోనే ఉంటారు. అందరికన్నా మన కళ్లు దాటిపోయేది పెద్దాసుపత్రుల ఆవరణల్లో పడుకునే రోగుల బంధువులు. బరంపురం వైద్యానికి గజపతి, కంధమాల్ జిల్లాల నుంచే కాదు, సరిహద్దు దాటి ఇచ్ఛాపురం వైపు నుంచి కూడా వస్తారు. వాళ్లకు ఎక్కడో ఇల్లుంది కాబట్టి ఇల్లు లేనివారి లెక్కలోకి రారు. ఆ పది రాత్రులు మాత్రం వాళ్లకీ ఇల్లు లేనట్టే. అలాంటివారికి రగ్గు శాశ్వతంగా ఇవ్వనక్కర్లేదు, అరువిస్తే చాలు. ఏళ్ల తరబడి రోడ్డు మీదే ఉన్నవారికి ఒంటి మీద నిలిచే స్వెట్టర్, తలకు మంకీ క్యాప్ ముఖ్యం.

చలి మనిషిని ఎలా దెబ్బతీస్తుందో తెలిస్తే ఏం సేకరించాలో తెలుస్తుంది. పైన గాలి ఎంత చల్లగా ఉన్నా, కింద ఉన్న సిమెంటు నేల ఒంట్లోని వేడిని అంతకంటే వేగంగా లాగేస్తుంది. అందుకే కప్పుకునే రగ్గు ఎంత అవసరమో, కింద పరుచుకునే దళసరి పొర అంతే అవసరం. అట్టముక్కలు, పాత ఫ్లెక్సీ మీద బొంత వేసినా ఎంతో తేడా ఉంటుంది. మన పెట్టెల్లో చాప గానీ బొంత గానీ పడడం చాలా అరుదు. నూలుబట్ట తడిస్తే చలిని ఆపలేదు, ఉన్ని కాస్త తడిసినా ఆపుతుంది. ఒకే మందపాటి కోటు కన్నా ఒకదానిమీద ఒకటి వేసుకునే రెండు మూడు పొరలు మేలు, పొరల మధ్య గాలే వేడిని పట్టి ఉంచుతుంది కనుక.

శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కిందికి పడితే ప్రమాదం మొదలైనట్టే. మొదట వణుకు పుడుతుంది. తర్వాత మాట ముద్దముద్దగా వస్తుంది, నడక తూలుతుంది, మగత కమ్ముతుంది. తాగి పడిపోయాడులే అనుకుని మనం పక్కనుంచి వెళ్లిపోతాం. నిజంగా తాగి ఉన్నా ముప్పు ఇంకా ఎక్కువే, మద్యం ఒంటి వేడిని బయటికి తోసేస్తుంది. వణుకుతున్న మనిషి ఉన్నట్టుండి వణకడం మానేసి పలక్కుండా ఉంటే చలి తగ్గిందనుకోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి, తడిబట్టలు విప్పి పొడివి కప్పాలి. పంపకానికి వెళ్లే ప్రతి కుర్రాడికీ ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఇక పెట్టెల్లోకి చేరేవాటి సంగతి. జిప్పు పోయిన జాకెట్లు, పుట్టినరోజు గౌన్లు, ఒక్క కాలి మేజోడు, ఉతక్కుండానే కుక్కిన ప్యాంట్లు చాలా కనిపిస్తాయి. పెద్దవాళ్ల స్వెట్టర్లు, మగవాళ్ల కొలతలు, మఫ్లర్లు, దళసరి రగ్గులు తక్కువ. ఆడవాళ్ల లోదుస్తులు, నెలసరికి శుభ్రమైన నూలుగుడ్డ గురించి అడగడానికీ ఇవ్వడానికీ సిగ్గుపడతాం. చలికాలంలో రోడ్డు మీదున్న ఆడమనిషికి ఉతుక్కునే చోటూ ఆరేసుకునే ఎండా దొరకవు, ఆ గుడ్డ విలువ ఆమెకే తెలుసు. ఇచ్చే ముందు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకడం కుదరకపోతే వారం రోజులు సంచిలో మూతికట్టి ఉంచాలి. గజ్జి పురుగు మనిషి ఒంటిని వదిలాక మామూలుగా రెండు మూడు రోజులకు మించి బతకదు. మనం వేసుకోలేనిది మరొకరికి ఇవ్వకూడదన్న చిన్న నియమం పాటిస్తే పంచేవారి శ్రమలో సగం తగ్గుతుంది.

2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో లారీల కొద్దీ పాతబట్టలు ఎవరికీ పనికిరాక రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. ఇచ్చినవారి మనసు మంచిదే, తీసుకునేవారికి ఏం కావాలో ఎవరూ అడగలేదు. ఆ గుట్టలను ఏరి, పనికొచ్చేలా మార్చే పనికి పూనుకున్నది గూంజ్ సంస్థ. అన్షు గుప్తా 1999లో ఢిల్లీలో దాన్ని మొదలుపెట్టారు, 2015లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆ సంస్థ వచ్చిన బట్టలను కొలత, కాలం, ప్రాంతాన్ని బట్టి విడదీసి, బాగుచేసి పంపుతుంది. ఊరివాళ్లు తమ ఊరికి కావలసిన బావో బాటో తామే బాగుచేసుకుని, ఆ బట్టలను భిక్షగా కాకుండా తమ శ్రమకు గుర్తింపుగా తీసుకుంటారు. మన పట్టణాల్లో అంత పెద్ద ఏర్పాటు లేకపోయినా, వచ్చినవాటిని విడదీయడానికి ఒక బల్ల, ఇద్దరు మనుషులు, రెండు సాయంత్రాలు కేటాయించలేమా? పంచేటప్పుడు కూడా నిద్రపోతున్నవారి మీద రగ్గు పడేసి వెళ్లకుండా, రాత్రి ఎనిమిదింటికి బల్ల మీద పరిచి ఎవరికి కావలసింది వారినే ఎంచుకోనిస్తే బాగుంటుంది.

అసలు చిక్కు తెల్లవారాక వస్తుంది. రాత్రి ఇచ్చిన రగ్గును పగలు ఎక్కడ పెట్టుకోవాలి? కళాసీ దాన్ని భుజాన వేసుకుని మూటలు మోయలేడు. ప్లాట్‌ఫాం మీద వదిలితే ఊడ్చేవాళ్లు తీసేస్తారు, చెట్టు కొమ్మలో దోపితే ఇంకొకరు పట్టుకుపోతారు. వర్షం పడితే తడిసిన రగ్గు ఆరదు, బరువెక్కి కంపు కొడుతుంది, చివరికి మురిక్కాలవ పాలవుతుంది. క్రిస్మస్ నాడు ఇచ్చినది కొత్త సంవత్సరం నాటికి చాలామంది దగ్గర కనిపించకపోవడానికి కారణం ఇదే. ఇచ్చినా అమ్ముకుంటారు అని కొందరు కొట్టిపారేస్తారు. దాచుకునే చోటు లేని మనిషి పోగొట్టుకోవడం కన్నా అమ్ముకుని ఒక పూట తినడం మేలనుకుంటే, తప్పు ఆ మనిషిది అనడానికి మాకు నోరు రావడం లేదు.

దీనికి పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. బస్టాండు దగ్గరో స్టేషను దగ్గరో ఒక గది, దానిలో అరలు, ఒక తాళం, ప్రతి రగ్గుకీ కుట్టిన ఒక నంబరు బిళ్ల. ఉదయం అప్పగించి టోకెన్ తీసుకోవాలి, సాయంత్రం టోకెన్ ఇచ్చి రగ్గు తీసుకోవాలి. మన రాష్ట్రంలో 2015 నుంచి నడుస్తున్న ఆహార్ కేంద్రాల్లో 5 రూపాయలకు అన్నం, దాల్మా (కూరగాయలు వేసిన పప్పు) పెడతారు. బయట పడుకునేవారు తిండికి ఎలాగూ అక్కడికే వస్తారు కాబట్టి, గది దాని పక్కనే ఉంటే వేరే ప్రచారం అక్కర్లేదు. వారానికోసారి రగ్గులు ఉతికి ఆరేసే పని మిషన్ శక్తి మహిళా సంఘాలకు కూలి ఇచ్చి అప్పగించవచ్చు. ఆసుపత్రుల దగ్గరి అరువు రగ్గులూ ఇదే పద్ధతిలో నడుస్తాయి. చర్చిలు, గుళ్లు, మసీదులు, సంఘాలు రగ్గులు సమకూర్చగలవు. గది మాత్రం మునిసిపాలిటీలే ఇవ్వాలి.

సేకరణ కాలం గురించి కూడా ఆలోచించాలి. క్రిస్మస్ ముందు వారంలో మొదలై పండగ రాత్రితో ముగిసిపోయే సేకరణ చలికి సరిపోదు. చలి అంతకు నెల ముందే వస్తుంది, జనవరి అంతా ఉంటుంది. మన ఇళ్లలో మార్గశిర లక్ష్మివారాలు, ఒడియా ఇళ్లలో మాణబసా గురువారాలు వస్తాయి. వారి మార్గశిరం మనకన్నా పదిహేను రోజులు ముందే మొదలవుతుంది. ఇల్లు కడిగి, ముగ్గులేసి, బీరువాలు సర్దుకునే రోజులవి. పెట్టెలు అప్పుడే ఇళ్లకు వెళితే ఉతికిన మంచి బట్టలే వస్తాయి. క్రిస్మస్ తర్వాత కూడా వాటిని తీసేయకుండా భోగి దాకా ఉంచాలి. ఆ పండగకు ఇంట్లో పాత సామానంతా బయటపడుతుంది, ఎన్నో బొంతలు మంటల్లో కాలిపోతాయి. వాటిలో వాడదగినవి ఎన్ని ఉంటాయో ప్రతి ఇల్లాలికీ తెలుసు. గజపతి జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా క్రైస్తవులే. అక్కడి కొండ ఊళ్లలో ఇచ్చేవారూ పేదవారే, అందువల్ల పట్టణాల సేకరణలో ఒక భాగం మోహన, ఆర్. ఉదయగిరి వైపు వెళ్లాలని మా సూచన.

ఇన్ని చెప్పాక, బట్టలతో తీరని సంగతి ఒకటి మిగిలే ఉంది. పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకు కనీసం ఒక రాత్రి ఆశ్రయం ఉండాలని, అది ఏడాది పొడవునా తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. తర్వాత వచ్చిన పట్టణ జీవనోపాధి మిషన్ నియమాలు లక్షమందికి 100 మంది చొప్పున, ఒక్కొక్కరికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలన్నాయి. 2011 జనగణన ప్రకారం బరంపురం జనాభా 3.5 లక్షలు దాటింది. ఆ లెక్కన మూడు ఆశ్రయాలైనా ఉండాలి, అవి ఎక్కడున్నాయో రిక్షావాడికి కూడా తెలియాలి. జయపురం అప్పటికి 85 వేలు, రాయగడ 71 వేలు. లక్ష నిండని ఊళ్లని వీటిని పక్కన పెడితే, రాయగడ స్టేషన్లో రాత్రి గడిపేవారిని ఏ లెక్కలో వేస్తారు?

ఆ జనగణన ఇల్లు లేనివారిని లెక్కించింది ఒకే ఒక్క రాత్రి, ఫిబ్రవరి 28న. దేశమంతా కలిపి 17.7 లక్షలమంది తేలారు. ఫిబ్రవరి ఆఖరుకు మన దగ్గర చలి దాదాపు వెళ్లిపోతుంది, బట్టీలకు వలసపోయినవారు ఇంకా తిరిగిరారు. సంక్రాంతి లోపు మన పట్టణాల్లో వార్డుల వారీగా, రాత్రి పదకొండు దాటాక, ఆసుపత్రుల ఆవరణలతో సహా ఒకసారి లెక్క తీయాలని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాం. లెక్క తీసే బృందంలో ఒడియాతో పాటు తెలుగు, కువి, సవర మాట్లాడేవారు ఉండాలి. ఎందరు ఆడవాళ్లు, ఎందరు పిల్లలు, ఏ కొలతలు కావాలో ఆ కాగితంలోనే రాసుకుంటే, వచ్చే ఏడాది పెట్టెల మీద ఏం రాయాలో చర్చిల వారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఫొటోల విషయంలో ఒక విన్నపం. రగ్గు అందుకుంటున్న మనిషి ముఖం మా పత్రికకు పంపవద్దు, ఈ ఏడాది నుంచి అలాంటివి వేయకూడదని నిర్ణయించుకున్నాం. ఎక్కడ ఎన్ని రగ్గులు పోగయ్యాయి, ఎక్కడ ఇంకా కావాలి అనే వివరాలు పంపితే భోగి దాకా రోజూ ప్రచురిస్తాం. ఏ మునిసిపాలిటీ గది ఇచ్చిందో, ఏది ఇంకా ఇవ్వలేదో కూడా ఆ పక్కనే వేస్తాం.